సోయకూరకు నారు పోయొద్దు

పెరట్లో సోయకూర వేస్తున్నానంటే పక్కింటి పిల్లాడు "నూనె తీసే సోయానా అంకుల్?" అని అడిగాడు. పేరు కలవడమే తప్ప ఆ సోయా చిక్కుడుకూ దీనికీ చుట్టరికం లేదు. ఇది కొత్తిమీర, జీలకర్ర, వాము, సోంపుల ఇంటి మనిషి. సంస్కృతంలో శతపుష్ప, కన్నడిగులకు సబ్బసిగె, మరాఠీవాళ్లకు శేపు. సూర్యాపేటలో కూరగాయలకు వెళ్తే మెంతికూర కట్టల పక్కన తడిసిన ఈకల్లా వాలిపోయి ఉంటుంది.

దీని ఘాటు వాసన అందరికీ పడదు. ఇంట్లో బాలింత ఉన్నప్పుడు మాత్రం అందరికీ గుర్తొస్తుంది. పాలు పడతాయని పెసరపప్పులో వేసి వండిపెడతారు. ఇక పసివాడు కడుపుబ్బి ఏడిస్తే పట్టే గ్రైప్ వాటర్ ఉంది కదా, 1851లో ఇంగ్లండులోని నాటింగ్‌హామ్‌లో విలియం వుడ్‌వర్డ్ తయారుచేసిన ఆ మందులో ఉన్నదీ సోయ గింజల నూనే. తల్లికి ఆకు, బిడ్డకు గింజ!

ఇంత మంచి మొక్కను మొదటి ఏడు నా చేతులతో నేనే చంపుకున్నాను. మా వాళ్లంతా సాగర్ ఎడమ కాలువ కింది రైతులు. 1967లో కాలువకు నీళ్లు వదిలాక మిర్యాలగూడ నుంచి కోదాడ దాకా వరి పరుచుకుంది. నారు పోయడం, పీకడం, నాటడం మాకు పుట్టుకతో వచ్చిన విద్య. ఆ లెక్కనే సోయ గింజల్ని ట్రేలో పోశాను. వేలెడు పొడవు రాగానే పీకి, తాడు పట్టినట్టు వరసలుగా నాటాను. సాయంత్రానికే తలలు వేలాడేశాయి. వారం తిరిగేసరికి ఎండుగడ్డి మిగిలింది.

మిర్యాలగూడ నుంచి వచ్చిన మేనత్త ఆ మడి చూసి నవ్వింది. "ఇదేమన్న వరి నారా అల్లుడా, పీకి నాటుడేంది! దీన్ని ఏసిన కాడనే ఉండనియ్యాలె" అంది. ఆమె మాటలో శాస్త్రం ఉంది. వరిది పీచు వేరు. తెగినా కొత్త వేర్లు వేసుకుని లేస్తుంది. సోయకూరది తల్లివేరు. సూటిగా కిందికి దిగుతుంది, అది తెగితే తేరుకోవడం కష్టం.

మరుసటి ఏడు దసరా వెళ్లాక ఎర్రమట్టిలో మాగిన పశువుల ఎరువు కలిపి మడి చేశాను. గింజలు ఇసుకతో కలిపి గీతల్లో చల్లి, పావు అంగుళం మించకుండా మట్టి కప్పాను. పైన అత్త సంచిలో తెచ్చిన రైసు మిల్లు ఊక పలుచగా పరిచాను. మిర్యాలగూడలో ఊకకేం కొదవ! పొద్దున్నే చేత్తో నీళ్లు చిలకరించడమే పని. నానబోసిన వడ్లలా రెండు రోజుల్లో మోసెత్తే రకం కాదిది. పదో రోజుకు గానీ పచ్చటి దారప్పోగులు కనిపించలేదు. ఒత్తుగా మొలిచినవి పీకి పప్పులో వేశాం, మిగిలినవి జానెడు ఎడంగా పెరిగాయి. నలభై రోజులకు కొసలు కోతకొచ్చాయి. మూడు వారాలకొక గీత చొప్పున సంక్రాంతి దాకా వేసుకుంటూ పోతే కూరకు లోటుండదు.

శివరాత్రి దాటి ఎండ ముదిరితే మాత్రం మొక్క ఆకు మానేసి నిటారుగా లేచి పసుపుపచ్చని గొడుగులు విప్పుతుంది. విసుక్కుని పీకేయకండి. ఆ పూలకు తేనెటీగలొస్తాయి, పేనుబంకను తినే అక్షింతల పురుగులొస్తాయి. గింజ గోధుమరంగుకు తిరిగాక కోసి, కొంత డబ్బాలో దాచుకోండి.

నేను కోయకుండా వదిలిన నాలుగు మొక్కల గింజలు గోడ వారన రాలాయి. చలికాలం మొదలవగానే అక్కడ వాటంతటవే మొలిచాయి. నా మడిలో వాటికన్నా అవే బలంగా ఉన్నాయి.

పెరడు లేకపోతే అడుగు లోతున్న కుండీ చాలు. దసరా పోయాక గింజలు చల్లండి, చల్లిన చోటే ఉండనివ్వండి.