వ్రేళ్లది తప్పు కాదు

అంధులు వ్రేళ్లతో చదువు ఆరు చుక్కల లిపిని నీవెప్పుడైనను తాకి చూచితివా? లూయీ బ్రెయిల్ 1829లో ప్రచురించిన ఆ పద్ధతిలో ఒక్క చుక్క స్థానము తప్పినను మాట మారిపోవును.

నేడు ఎన్.వి.డి.ఎ. వంటి సాఫ్ట్‌వేరు తెరపైని అక్షరములను లిబ్‌లూయీ అను అనువాదినిచేత చుక్కలుగా మార్పించి, బ్రెయిలు పలకపై లేవనెత్తుచున్నది. ‘అమ్మ’ అను మాట చూడుము. కంప్యూటరు దానిని అ, మ, పొల్లు, మ అని దాచుకొనును. బ్రెయిలులోనైతే పొల్లు గుర్తగు నాలుగవ చుక్క మొదటి మకారమునకు ముందే రావలెను. ఆ వరుస మార్చక పంపినయెడల వ్రేలికి తగులునది ‘అమమ్’. అప్పుడు చదువువాడు తన వ్రేళ్లనే అనుమానించుకొనును గదా!

అట్టివాడు నీ యింట నున్నయెడల, ముందుగా బ్రెయిలు అమరికలలో అవుట్‌పుట్ పట్టిక తెలుగునకు ఉన్నదేమో చూడుము. ఇంగ్లీషు పట్టిక యున్నచో తెలుగు అక్షరములకు మారుగా సంకేత సంఖ్యలు రావచ్చును. పట్టిక సరియై, ఒకానొక మాట మాత్రమే చెడుచున్నచో, బహుశః పట్టికలోని సూత్రమే తప్పు. ఆ మాటను, వచ్చిన చుక్కలను, రావలసిన చుక్కలను వ్రాసి లిబ్‌లూయీ పనివారికి తెలుపుము. ఒకడు చూపిన తప్పు దిద్దబడినప్పుడు, తరువాత చదువు వారందరికిని మేలగును.

చూపుగల మనము తెర చూచి ‘అంతయు సరిగానే యున్నది’ అని తీర్పు తీర్చరాదు. ముందు ఆ వ్రేళ్ల సాక్ష్యము విందము.