వడ్డీకి సెలవు లేదు

వికారాబాదులో రైలెక్కి తాండూరు వెళ్తున్నప్పుడల్లా నాకు అమ్మ చేతులే గుర్తొస్తాయి.

తాండూరులో నాన్న ఇల్లు మొదలుపెట్టిన ఏడు నాకు పదేళ్ళు. అప్పు మొత్తం ఒకేసారి తెచ్చారు. గోడలు లేచాక, హద్దు తేలేదాకా కప్పు వెయ్యడానికి వీల్లేదన్నాడు పక్కస్థలం ఆయన. అది తేలడానికి రెండేళ్ళు పట్టింది. మేస్త్రీ వెళ్ళిపోయాడు, కూలీలు వెళ్ళిపోయారు. వడ్డీ మాత్రం ప్రతినెలా ఒకటో తారీఖుకి ఠంచనుగా వచ్చేది. పైగా ఉంటున్న ఇంటికి అద్దె! అమ్మ గాజులు నాలుగూ అమ్మేశారు. "ఇంటి కోసమే కదా" అన్నారందరూ. కాని అవి ఇటుకలకీ పోలేదు, తాండూరు బండలకీ పోలేదు. ఒట్టి వడ్డీకి పోయాయి.

మొన్న రైల్లో తమ్ముడు హైదరాబాదు మెట్రో సంగతి ఎత్తాడు. "అన్ని వేల కోట్లా! అంత ఇనుము, సిమెంటు పట్టిందంటవా అక్కా?"

"మన ఇల్లు మర్చిపోయావా?" అన్నాను.

కట్టినన్నాళ్ళూ టిక్కెట్ల రాబడి ఉండదు, వడ్డీ ఆగదు. అదీ కట్టుబడి ఖర్చులోనే కలుస్తుంది. 2011లో బ్యాంకులు 11 వేల కోట్లకు పైగా అప్పిచ్చాయి. 2012లో పనులు మొదలయ్యాయి. స్థలాలు చేతికి రావడం, దారి ఎటు పోవాలన్నది తేలడం ఆలస్యమైంది. 2017 నవంబరులో 30 కిలోమీటర్లు తెరిచారు. మొత్తం 69 పూర్తయ్యేసరికి 2020 ఫిబ్రవరి. మరుసటి నెలే కరోనా! అయిదు నెలలకు పైగా రైళ్ళు ఆగాయి. వడ్డీ ఆగిందా? 2025లో సుమారు 13 వేల కోట్ల అప్పును నెత్తిన వేసుకోడానికి ప్రభుత్వం ఒప్పుకుంది. ప్రభుత్వం నెత్తంటే మన నెత్తే కదండీ!

మేం ఎక్కిన ఈ దారి 1874 నాటిది. తర్వాత దీన్ని నడిపిన కంపెనీ పేరు నైజాం గ్యారంటీడ్ స్టేట్ రైల్వే. ఆ గ్యారంటీ ప్రయాణికులకు కాదు, డబ్బు పెట్టినవాళ్ళ వడ్డీకి!

ఇంటికి చేరగానే తమ్ముడు సంచీలోంచి కాగితాలు తీశాడు. పైన రెండు గదులు వేస్తాడట. అప్పు మంజూరైంది, అమ్మ సంతకం కావాలి.

"పర్మిషన్ వచ్చిందా బిడ్డా?" అంది అమ్మ.

"వస్తదమ్మా, రెండు నెలల్లో."

అమ్మ కళ్ళజోడు తీసి కాగితాల మీద పెట్టింది. "అయితే రెండు నెలలైనంకనే సంతకం. అప్పు యాడికి పోదు. తెచ్చినంక మాత్రం ఊకోదు."

కాగితాలు వెనక్కి తోస్తుంటే ఆమె మట్టిగాజులు గలగలమన్నాయి.