చక్రానికీ మడ్‌గార్డుకూ మధ్య

సెడాన్ కారుని పక్కనుంచి చూస్తే టైరు పైఅంచుకీ, దాని మీద వంపు తిరిగిన మడ్‌గార్డుకీ మధ్య కాస్త ఖాళీ కనిపిస్తుంది. నాలుగు వేళ్లు దూరేంత. చాలామంది జీవితాంతం దాన్ని గమనించకుండానే కార్లు నడుపుతారు. ఒక్కసారి గమనించినవాళ్లకి మాత్రం ఇక కారులో వేరే ఏదీ కనిపించదు. మా తమ్ముడు రెండో రకం.

మాది హుజూర్‌నగర్. ఇంట్లో ఉన్నది 2015 నాటి హోండా సిటీ, తెల్లది, సెకండ్ హ్యాండ్‌లో కొన్నది. కింది వేరియంటు కాబట్టి ఇనుప రిమ్ములు, వాటి మీద ప్లాస్టిక్ క్యాపులు. పోయిన మాఘమాసంలో ఒక పెళ్లికి పోయి ఫంక్షన్‌హాల్ ముందు కారాపితే ఎవరో పెద్దాయన వచ్చి, "కిరాయికొస్తదా తమ్మీ?" అని అడిగాడట. ఇంటికొచ్చి తమ్ముడు అన్నం తినలేదు. "అక్కా, మనది టాక్సీ లెక్క కొడ్తుంది. పదిహేడు ఇంచీల అలాయ్‌లు ఏపిస్తా. నా జీతం పైసలే. నువ్వేం వద్దనకు" అన్నాడు.

నేను వద్దనలేదు. మొదటి ఉద్యోగం, మొదటి ఆరు నెలల జీతం. చిన్న ఊళ్లో కారంటే నలుగురిలో మన మొహం లాంటిది. దాన్ని చూసి "కిరాయికా?" అని అడిగితే ఎంత గుచ్చుకుంటుందో హైదరాబాద్‌లో ఎవరికీ తెలియని అపార్ట్‌మెంట్‌లో ఉండే నాకంటే వాడికే బాగా తెలుసు. కాకపోతే ఆ కారు వెనక సీట్లో కూర్చునేది అమ్మ.

అమ్మ పుట్టిల్లు మర్రిగూడ వైపు. అప్పట్లో మర్రిగూడ, హుజూర్‌నగర్ రెండూ నల్లగొండ జిల్లానే. మా వైపు సాగర్ ఎడమ కాలువ పారింది, వరి పండింది. అమ్మ వాళ్లకి బోరు నీళ్లే దిక్కు, ఆ నీళ్లలో ఫ్లోరైడ్. పెళ్లయి ఇటు వచ్చేదాకా అవే తాగింది. ఏళ్లతరబడి అలా తాగితే ఫ్లోరైడ్ ఎముకల్లో చేరుతుంది, వాటిని పట్టి ఉంచే మెత్తటి బంధనాలు కూడా గట్టిపడిపోతాయి. వంగాల్సినవి వంగవు. అమ్మ పక్కకి చూడాలంటే మెడ తిప్పదు, మొత్తం మనిషే తిరుగుతుంది. నెలకోసారి ఆమెను కోదాడ మీదుగా ఖమ్మం డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాలి. కారు గుంతలో పడితే మనకు కుదుపు. ఆమెకు మాత్రం ఆ రాత్రంతా నిద్ర ఉండదు.

అందుకని ఆ ఆదివారం నేనూ తమ్ముడూ కాగితం ముందేసుకుని కూర్చున్నాం.

మా కారు టైరు మీద 175/65 R15 అని ఉంటుంది. 175 అంటే టైరు వెడల్పు, మిల్లీమీటర్లలో. 65 అంటే ఆ వెడల్పులో 65 శాతం టైరు గోడ ఎత్తు, అంటే దాదాపు 114 మిల్లీమీటర్లు. 15 అనేది రిమ్ము వ్యాసం, ఇంచీల్లో. అన్నీ కూడితే చక్రం మొత్తం వ్యాసం 608 మిల్లీమీటర్ల పైచిలుకు. తమ్ముడికి షాపులో చూపించింది 205/45 R17. దాని గోడ 92 మిల్లీమీటర్లు, మొత్తం వ్యాసం 616.

వాడు కాగితం వైపు చాలాసేపు చూశాడు. "గింతేనా?" అన్నాడు. అంతే. వ్యాసంలో ఎనిమిది పెరిగితే చక్రం మధ్య నుంచి పైకి పెరిగేది నాలుగు. వాణ్ని అంతగా ఏడిపిస్తున్న ఆ ఖాళీ తగ్గేది నాలుగు మిల్లీమీటర్లు. పెద్ద చక్రం అని మనం అనుకునేది నిజానికి చక్రంగా పెద్దదేం కాదు. కావాలనే అలా చేస్తారు. బయటి వ్యాసం మారితే స్పీడోమీటర్ లెక్క తప్పుతుంది, స్టీరింగ్ తిప్పినప్పుడు టైరు లోపలి ప్లాస్టిక్‌కి రాసుకుంటుంది. కాబట్టి రిమ్ము పెరిగిన మేరకు టైరు గోడను తగ్గిస్తారు. లోహం పెరుగుతుంది, గాలి తగ్గుతుంది. మా లెక్కలో ఆ గోడ అయిదో వంతు దాకా పోతోంది.

గాలి నింపిన టైరు పుట్టిందే కుదుపు తగ్గించడానికి. బెల్‌ఫాస్ట్‌లో పశువుల డాక్టరుగా ఉన్న జాన్ బాయ్డ్ డన్లప్ తన కొడుకు మూడు చక్రాల సైకిలు కోసం దాన్ని తయారుచేశాడు, 1888లో పేటెంట్ తీసుకున్నాడు. ఆ పేరు మన పొలాల దాకా వచ్చింది. ఇనుప కట్టు వేసిన కట్టెచక్రాల బండి పోయి రబ్బరు టైర్ల బండి వచ్చాక దాన్ని 'డన్లప్ బండి' అన్నారు. పాత ఎద్దుబండి చక్రం నిజంగానే పెద్దది. బురదలో, గతుకుల్లో దొర్లడానికి ఆ ఎత్తు పనికొచ్చింది. దానికి గాలి లేదు కాబట్టి ఎక్కినవాళ్ల నడుములే ఆ పని చేశాయి.

"మరి స్ప్రింగులు కట్ చేయిస్తే? అప్పుడు గ్యాప్ పోతది గదా" అన్నాడు తమ్ముడు. వాడి స్నేహితుడు చేయించాడు. ఆ ప్రశ్నకి కాగితం సరిపోలేదు. కారు బయటికి తీశాం. ఖాళీ కారుకి వెనక చక్రం మీద నాలుగు వేళ్లు దూరాయి. అమ్మ, నాన్న, మేనమామ వెనక సీట్లో ఎక్కారు. డిక్కీలో ఇరవై అయిదు కిలోల బియ్యం బస్తాలు రెండు వేశాం. ఇప్పుడు దూరింది రెండు వేళ్లే. తమ్ముడు చెయ్యి తీయకుండా కాసేపు అలాగే కూర్చున్నాడు. మిగతా రెండు వేళ్ల మేరా ఎక్కడికి పోయిందో అద్దంలోంచి కనిపిస్తూనే ఉంది. అందులో అమ్మ కూర్చుంది, నాన్న కూర్చున్నాడు, బియ్యం ఉన్నాయి. మిగిలిన రెండు వేళ్లూ గుంతల కోసం.

గుంతల సంగతి మా వైపు వాళ్లకి చెప్పక్కర్లేదు. మఠంపల్లి, మేళ్లచెరువు సిమెంటు ఫ్యాక్టరీల లారీలు, మిర్యాలగూడ మిల్లులకి పోయే వడ్ల లారీలు, అన్నీ ఈ రోడ్ల మీదే. కోతల కాలంలో రోడ్డు సగం మేర వడ్లు ఆరబోస్తారు, చుట్టూ రాళ్లు పేరుస్తారు. రాత్రి నల్లటి పట్టాలు కప్పితే ఎక్కడ రోడ్డు, ఎక్కడ రాశి అన్నది హెడ్‌లైట్ దగ్గరికొచ్చేదాకా తెలియదు. స్పీడ్‌బ్రేకర్‌కి ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ ఒక కొలత పెట్టింది: పది సెంటీమీటర్ల ఎత్తు, 3.7 మీటర్ల వెడల్పు. ఊళ్లో వాళ్లు సొంతంగా పోసుకున్నవాటికి ఎత్తు మాత్రం ఉంటుంది, వెడల్పు ఉండదు. మా కారు కింద ఉండే జాగా, కంపెనీ లెక్కలో, 165 మిల్లీమీటర్లు. అదీ ఎవరూ ఎక్కనప్పుడు.

పల్చటి గోడ ఉన్న టైరు పదునైన గుంత అంచుకి కొట్టుకుంటే, టైరు రిమ్ముకీ అంచుకీ మధ్య నలిగిపోతుంది. గోడలో దారాలు తెగి బుడగలా ఉబ్బుతుంది. ఆ టైరును ఇక నమ్మలేం. అలాయ్ అయితే పగలొచ్చు కూడా. ఇనుప రిమ్ము వంగుతుంది, సుత్తి దెబ్బలతో చాలావరకు దారికొస్తుంది. చౌక రకం పెద్ద అలాయ్ తేలిగ్గా ఉంటుందన్న నమ్మకమూ లేదు. చక్రం బరువు స్ప్రింగుల కింద ఉండే బరువు, అది పెరిగితే ప్రతి గతుక్కీ షాకబ్జర్లకు పని పెరుగుతుంది.

ఇంకా చూడాల్సినవి ఉన్నాయి. మా కారుకి నాలుగు బోల్టులు, అవి 100 మిల్లీమీటర్ల వృత్తం మీద ఉంటాయి. నడిమి రంధ్రం 56.1. బయట అమ్మే అలాయ్‌లు పది కార్లకి సరిపోవాలని ఆ రంధ్రం పెద్దగా పెడతారు, మధ్యలో రింగు వేయకపోతే వేగం మీద స్టీరింగ్ వణుకుతుంది. ఆఫ్‌సెట్ తేడా ఉంటే చక్రం బయటికి పొడుచుకొచ్చి, బరువెక్కినప్పుడు మడ్‌గార్డు అంచుని గీకుతుంది. చట్టం కూడా ఉంది. తయారీదారు మొదట ఇచ్చిన వివరాలకు తేడా వచ్చేలా వాహనాన్ని మార్చకూడదని 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ అంటుంది, 2019 జనవరిలో సుప్రీంకోర్టు దాన్నే గట్టిగా చెప్పింది.

చివరికి తమ్ముడే వెతికి పట్టుకున్నాడు. ఇదే తరం సిటీకి 2017 నుంచి పై వేరియంట్లలో కంపెనీయే 185/55 R16 ఇచ్చింది. మొత్తం వ్యాసం 610కి ఒక్క పిసరు తక్కువ, మా పాతదానికీ దీనికీ మిల్లీమీటరున్నర తేడా లేదు. గోడ మాత్రం 12 మిల్లీమీటర్లు తగ్గుతుంది. ఆ కొలత టైర్ల మీద మామూలుగా 83 అని ఉంటుంది, అంటే ఒక్కో టైరు 487 కిలోలు మోస్తుంది. మా పాతవాటి మీద 84, అంటే 500. చూడ్డానికి పెద్దగా కనిపించే చక్రం పదమూడు కిలోలు తక్కువ మోస్తుందన్నమాట. అది చూసి వాడే నవ్వాడు.

పదహారు వేయించాడు, కంపెనీవే, ఎవరో తీసేసి అమ్మినవి. కారు ఎత్తు ముట్టుకోలేదు. నిజం చెప్పాలంటే బాగుంది కారు. అమ్మ పోయినసారి ఖమ్మం పోయేటప్పుడు, "జరంత గట్టిగనే తెలుస్తుందిరా" అంది. వాడు ఏమీ అనలేదు. ఆ పన్నెండు మిల్లీమీటర్లు ఎవరి ఖాతాలోంచి పోయాయో ఇద్దరికీ తెలుసు. అమ్మ కూడా మళ్లీ ఆ మాట ఎత్తలేదు. వాడి మొహం చూసి ఎత్తలేదో, నిజంగానే అలవాటైందో నేను అడగలేదు.

ఇప్పుడు మాత్రం ఖమ్మం పోయే రోజు పొద్దున్నే, టైర్లు చల్లగా ఉండగానే, తమ్ముడు గాలి చూపించుకొస్తాడు. డ్రైవరు తలుపు పక్కన అంటించిన స్టిక్కర్ మీద ఉన్న అంకె కంటే ఒక్కటి కూడా ఎక్కువ కొట్టనివ్వడు. దారిలో వచ్చే పెద్ద స్పీడ్‌బ్రేకర్ దగ్గర, వెనక లారీ ఎంత హారన్ కొట్టినా, కారుని ఏటవాలుగా తిప్పి ఒక్కో చక్రాన్ని విడిగా ఎక్కించి దింపుతాడు.