పాలో డ్యూరో నుంచి పెరటి దాకా

డాలస్ శివార్లలోని మా అబ్బాయి ఇంటి నుంచి పాలో డ్యూరో లోయ 350 మైళ్ల పైమాటే. ఫోర్ట్‌వర్త్ దాటి 287 హైవే ఎక్కితే విచిటా ఫాల్స్, చిల్డ్రెస్, క్లారెండన్ మీదుగా అమరిల్లో వైపు దారి. పత్తి చేలు, చమురు తోడే యంత్రాలు, గాలిమరలు. వెనకాల మేం బస చేసే ట్రైలర్ ఉంది కాబట్టి మావాడు నిదానంగానే నడిపాడు.

చదును నేల ఉన్నట్టుండి తెగిపోయి కింద ఎర్రటి లోయ కనిపించింది. రెడ్ రివర్ పాయ ఒకటి తొలిచిన లోయ ఇది. పొడవు దాదాపు 120 మైళ్లు. 1934 నుంచి స్టేట్ పార్కు. ఎర్రమట్టి రాతి పొరల మధ్య తెల్లటి జిప్సం చారలు సాయంత్రపు ఎండలో మెరుస్తుంటే, కోడలు కలిపిన పులిహోర తింటూ చాలాసేపు కూర్చున్నాం.

పార్కులో మా ట్రైలర్ నిలిపిన చోటుకి కరెంటు, నీళ్లు ఇచ్చారు గానీ డ్రైనేజీ లేదు. స్నానాల నీళ్లు, గిన్నెలు కడిగినవి గ్రే ట్యాంకులోకి, టాయిలెట్‌ది బ్లాక్ ట్యాంకులోకి. ఖాళీ చేసుకోవడానికి పార్కులో డంప్ స్టేషన్ ఉంది. ఆదివారం పొద్దున అక్కడ బళ్లు బారులు తీరాయి. మర్నాడు మనవరాలికి బడి. ట్యాంకులు ఖాళీ చేయకుండానే బయల్దేరాం. 40 గ్యాలన్లంటే 150 కిలోల బరువు మరి!

ఇంటి మురుగు గొట్టానికి పెరట్లో మూతపెట్టిన క్లీనౌట్ ఉంది. అందులో వదలొచ్చా అని మావాడు నగరపాలక కార్యాలయంలో ముందే కనుక్కున్నాడు. వదలొచ్చట, వీధి పక్క వాననీటి కాలవలోకి మాత్రం వదలకూడదట. చిక్కల్లా ఎత్తుతోనే: క్లీనౌట్ ట్రైలర్ కంటే ఎత్తులో ఉంది. ట్రైలర్‌కి మామూలుగా తగిలించే మూడంగుళాల గొట్టంలో మురుగు పల్లానికే పోతుంది. అందుకే మురుగును నూరి పైకి తోసే మాసెరేటర్ పంపు.

“నాన్నా, మీరు దూరంగా ఉండండి,” అంటూ మావాడు గ్లవ్స్ తొడుక్కున్నాడు. పంపును ట్యాంకు మూతికి తిప్పి బిగించి, వైర్లు 12 వోల్టుల బ్యాటరీకి కలిపాడు. సన్నటి పైపు రెండో కొసను క్లీనౌట్‌లో దింపి కదలకుండా కట్టాడు. ముందు బ్లాక్ ట్యాంకు వాల్వు లాగి స్విచ్చి నొక్కాడు. లోపలి బ్లేడ్లు అన్నిటినీ మెత్తగా నూరేస్తుంటే, చప్పబడి ఉన్న పైపు ఒక్క కుదుపుతో బిర్రబిగిసి గడ్డి మీద మెలి తిరిగింది. మోత మారి కీచుమనగానే ఆపేశాడు. ఖాళీగా తిరిగితే పంపు పాడవుతుందట. తర్వాత గ్రే ట్యాంకు. ఆ సబ్బునీళ్లతో పంపూ పైపూ కడుక్కుపోయాయి. ఆ పైపును మంచినీళ్లకు ఎప్పటికీ వాడరు.

నా చిన్నప్పుడు గుంటూరులో మా వెనక సందులోంచి తెల్లారకముందే ఒకామె తట్టతో వచ్చి దొడ్డి శుభ్రం చేసి వెళ్లేది. ఆమె పేరేమిటని మా ఇంట్లో ఎవరూ అడగలేదు. ఆ పనిని నిషేధిస్తూ 1993లో ఒక చట్టం, 2013లో మరొకటి వచ్చాయి. అయినా మురుగు గుంటల్లో దిగి మనుషులు చనిపోతూనే ఉన్నారు. ఇక్కడ ఇంజనీరు ఉద్యోగం చేసే నా కొడుకు తన ఇంటి మురుగు తనే ఎత్తిపోసుకుని, చేతులు కడుక్కుని కాఫీ తాగాడు. ఎవరి మురుగు వారే ఎత్తుకుంటే దానికి కులం అంటదు. యంత్రాలు మనకూ కొత్తేం కాదు. స్విచ్చి ఎవరు నొక్కాలన్న దగ్గరే ఆగిపోయాం.

వచ్చే నెల కాడో సరస్సుకు వెళ్దామంటున్నారు. ఈసారి పంపు పని నాదేనని చెప్పేశాను.