సోఫా అమ్మిన లెక్క

9 జనవరి 2025, గురువారం. ఫ్రీమాంట్, కాలిఫోర్నియా

అమ్మాయి కాలేజీ అప్లికేషన్లన్నీ డిసెంబర్ మొదట్లోనే పంపేశాం, ఇక మార్చి దాకా ఆ ఊసు లేదనుకున్నాం. ఇవాళ అమ్మాయికి యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియా (యూసీ) క్యాంపస్ ఒకదాని నుంచి ఈమెయిల్ వచ్చింది. నీ అప్లికేషన్ పరిశీలనలో ఉంది, ఇంకొంత సమాచారం కావాలి, ఈ ప్రశ్నావళి 22వ తేదీలోపు నింపి పంపు అని. మా ఆవిడ గాబరా పడింది. "ఏదన్నా ఎక్కువ తక్కువ రాశావా ఏంటే?" అని పిల్లను నిలదీసింది.

ఆవిడ భయపడ్డది వేరే ఉత్తరం గురించి. యూసీ వాళ్లు కొన్ని అప్లికేషన్లు తీసి, రాసినదానికి రుజువులు అడుగుతారు. జవాబు ఇవ్వకపోతే అప్లికేషన్ రద్దు. ఇందులో రుజువుల మాట లేదు. ఉన్నవి మూడు ప్రశ్నలే. మొన్న ముగిసిన సెమిస్టర్ గ్రేడ్లేమిటి? 11వ తరగతిలో నీ చదువు మీద ప్రభావం చూపిన పరిస్థితులేమైనా ఉన్నాయా? ఇంట్లో నీ మీద ఉన్న బాధ్యతలేమిటి?

రెండో ప్రశ్న దగ్గర ఇంట్లో ముగ్గురం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. చిన్నోడు మాత్రం టీవీ చూస్తున్నాడు.

10 జనవరి, శుక్రవారం

రాత్రి కూర్చుని యూసీ పాలసీ చదివాను. దీన్ని ఆగ్మెంటెడ్ రివ్యూ అంటారు. యూసీ పాలకమండలి సభ్యులైన రీజెంట్లు 2017 జులైలో ఆమోదించారు. సీటు ఇవ్వాలా వద్దా అన్న అంచు మీద ఉన్న అప్లికేషన్లలో కొన్నిటిని మళ్లీ చదవడానికి పెట్టుకున్న దారి ఇది. మొత్తం దరఖాస్తుల్లో 15 శాతానికి మించకూడదు. ఒకే విద్యలో మునిగిపోయి మిగతావాటికి టైం లేని పిల్లలు, అసాధారణమైన ఇబ్బందుల్లోనూ చదువు నిలబెట్టుకున్నవాళ్లు, బడిలో ఏపీ (అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్) క్లాసులూ సలహా చెప్పేవాళ్లూ సరిగా లేనివాళ్లు, ఇలాంటివాళ్ల కోసం. క్యాంపస్ అడగగలిగినవి కూడా అందులో రాసి ఉన్నాయి. ప్రశ్నావళి, 12వ తరగతి మొదటి సెమిస్టర్ గ్రేడ్లు, రెండుకు మించకుండా సిఫారసు లేఖలు.

మామూలుగా యూసీకి సిఫారసు లేఖలు పంపే పనే లేదు. ఎస్‌ఏటీ స్కోరు సీటు విషయంలో చూడరు. తొమ్మిది క్యాంపస్‌లకూ ఒకటే అప్లికేషన్. ఎనిమిది ప్రశ్నల్లో నాలుగు ఎంచుకుని ఒక్కోదానికి 350 పదాలు మించకుండా రాయాలి. గ్రేడ్ల సగటు 10, 11 తరగతులదే లెక్క. పదకొండో తరగతి రెండో సెమిస్టర్ దెబ్బతిన్న పిల్లకి ఆ లెక్కలో దాక్కోవడానికి చోటు లేదు.

మాకు దెబ్బ తగిలింది సరిగ్గా అక్కడే. నిరుడు జనవరిలో డాలస్‌లో నా ఉద్యోగం పోయింది. హెచ్-1బీ వీసా మీద ఉన్నవాడికి గడువు గరిష్ఠంగా 60 రోజులు. ఈలోగా ఇంకో కంపెనీ పిటిషన్ వేయాలి, లేకపోతే పెట్టె సర్దుకోవాలి. మార్చిలో ఇక్కడ దొరికింది. అమ్మాయి సెమిస్టర్ మధ్యలో బడి మారింది. అక్కడ మార్కులు వందకి, ఇక్కడ అక్షరాలు. ఏపీ కెమిస్ట్రీలో అక్కడ ఇంకా చెప్పని పాఠాలు ఇక్కడ అప్పటికే అయిపోయాయి. కెమిస్ట్రీలో సి, హిస్టరీలో బి.

11 జనవరి, శనివారం

తెలుగు పేరెంట్స్ వాట్సాప్ గ్రూపులో అదే గోల. "మీవాడికి వచ్చిందా?" "వస్తే మంచిదా చెడ్డదా?" ఒకాయన అయితే ఇది మన దగ్గర రిజర్వేషన్ లాంటిది, మన పిల్లలకి దండగ అని తేల్చేశాడు. ప్రభుత్వ యూనివర్సిటీల్లో జాతి చూసి సీటివ్వకూడదని ఇక్కడి ఓటర్లు 1996లోనే ప్రాపొజిషన్ 209 నెగ్గించారు. ఆ మాట రాద్దామనుకుని ఊరుకున్నాను. ఇంకొకావిడ మంచి కన్సల్టెంట్ ఉన్నాడు, "పిల్ల కథ" బాగా రాయిస్తాడు అని నంబరు పంపింది.

అమ్మాయికి చూపించాను. "నా కథ ఆయనకేం తెలుసు నాన్నా" అని ఫోన్ నాకే ఇచ్చేసింది.

14 జనవరి, మంగళవారం. సంక్రాంతి

ఖమ్మం ఫోన్ చేశాం. నాయన ఎప్పటిలాగే, "పిల్లకు రాంకెంతొచ్చిందిరా?" అన్నాడు. ఇక్కడ రాంకు ఉండదని ప్రతిసారీ చెప్తాను, ప్రతిసారీ అడుగుతాడు. నిరుడు నా ఉద్యోగం పోయిన సంగతి ఆయనకు ఇప్పటికీ తెలియదు. కాలిఫోర్నియాలో మంచి ఆఫర్ వచ్చిందని చెప్పాం. ఇంటి గుట్టు ఇంట్లోనే ఉండాలని పెంచినవాడు ఆయనే.

1999లో నేను ఎంసెట్ రాశాను. చివరికి చేతికొచ్చేది ఒక రాంకు. కౌన్సెలింగ్‌కి వెళ్తే ఆరో తరగతి నుంచి ఇంటర్ దాకా స్టడీ సర్టిఫికెట్లు, ఎమ్మార్వో ఆఫీసు కాగితాలు చూశారు. నువ్వెలా ఉన్నావని అడిగే గడి ఏ ఫారంలోనూ లేదు. నాకది అప్పట్లో గౌరవంగానే తోచింది. మా ఇంట్లో ఏముందో లేదో ఎవరికీ చెప్పుకోకుండానే సీటు తెచ్చుకున్నాను. మా హాస్టల్ గదిలోనే ఇంకొకడుండేవాడు. ఫిబ్రవరిలో తండ్రి పోయాడు, మార్చిలో ఇంటర్ పరీక్షలు. రాంకు ఎక్కడికో పోయింది. వాడు చెప్పుకోవడానికి చోటు లేదు, అడగడానికి మనిషి లేడు. డిగ్రీలో చేరాడు, తర్వాత మా మధ్య మాటలు తగ్గిపోయాయి.

ఏ గడీ లేని ఆ ఫారం నా మర్యాద కాపాడింది. వాణ్ని ముంచింది. ఇప్పుడు గడి ఉన్న ఫారం నా కూతురి ముందుంది.

18 జనవరి, శనివారం

డ్రాఫ్ట్ చదవమని ఇచ్చింది. రోబోటిక్స్ గురించి ఉంటుందనుకున్నాను. మొదటి వాక్యమే సోఫా.

డాలస్‌లో ఇల్లు ఖాళీ చేసినప్పుడు సామానంతా ఫేస్‌బుక్ మార్కెట్‌ప్లేస్‌లో అమ్మింది అమ్మాయే. వాళ్లమ్మకి ఇంగ్లిష్‌లో బేరమాడటం మొహమాటం, నేను ఇంటర్వ్యూల్లో ఉన్నాను. ఆ చిట్టా ఇప్పటికీ దాని ఫోన్లో ఉంది. సోఫా, అడిగింది 350, ఇచ్చింది 180. డైనింగ్ టేబుల్ 90. చిన్నోడి మంచం 60. ట్రెడ్‌మిల్‌కి గిరాకీ లేదు, ఊరికే ఇచ్చేసింది. వెట్ గ్రైండర్ అమ్మనని వాళ్లమ్మ మొండికేస్తే అది కారు వెనక సీట్లో చిన్నోడి కాళ్ల దగ్గర కూర్చుని కాలిఫోర్నియా వచ్చింది.

ఇంకా ఉందా అని మెసేజ్ పెట్టి తర్వాత పలకనివాళ్లే ఎక్కువట. అలాంటివాళ్లని రెండో మెసేజ్‌తోనే ఎలా వదిలించుకోవాలో, డబ్బు చేతికి రాకుండా సామాను గడప దాటకుండా ఎలా చూసుకోవాలో నేర్చుకున్నానని రాసింది. తర్వాత ఈ ముక్క: "సోఫా కొన్నవాళ్లు వచ్చేసరికి నాన్న గదిలో వీడియో ఇంటర్వ్యూలో ఉన్నాడు. చప్పుడు కాకూడదని నేనూ అమ్మా దాన్ని దుప్పటి మీద పెట్టి లాక్కుంటూ తలుపు దాకా తెచ్చాం. ఆ రాత్రి కెమిస్ట్రీ హోంవర్క్ నేల మీద కూర్చుని చేశాను."

నేను గదిలో ఉన్నంతసేపూ బయట ఏం జరిగిందో నాకు ఇవాళే తెలిసింది. "ఈ సోఫా గొడవ యూనివర్సిటీకి ఎందుకే?" అన్నాను.

"వాళ్లు అడిగింది అదే కదా. ఆ సెమిస్టర్‌లో నేను చేసింది అదే."

ఇంకో సంగతి కూడా రాసింది. ఫ్రెండ్స్ అంతా వేసవిలో బోబా షాపుల్లో పనిచేశారు, తన అప్లికేషన్లో ఉద్యోగ అనుభవం ఖాళీ. హెచ్-1బీ వాళ్ల కుటుంబానికిచ్చే హెచ్-4 వీసా మీద ఉన్న పిల్లలు జీతానికి పనిచేయకూడదు. హెచ్-4 మీద ఉన్న భార్యలకో భర్తలకో, వాళ్లలోనూ కొందరికి, 2015 నుంచి వర్క్ పర్మిట్ ఇస్తున్నారు, పిల్లలకి లేదు. 21 నిండితే ఆ హెచ్-4 కూడా ఉండదు. ఇదంతా ఏడుపు లేకుండా మూడు వాక్యాల్లో చెప్పింది. తమ్ముణ్ని బడికి దింపడం, అద్దె ఇంటి కాగితాలు చదివి అమ్మకు చెప్పడం బాధ్యతల కింద పెట్టింది. మా ఇళ్లల్లో ఆడపిల్ల చేసే ఈ పనులకి పద్దు రాసినవాళ్లు లేరు.

21 జనవరి, మంగళవారం

రెండు రోజులుగా ఒక్క మాట మీద పేచీ. "నాన్న ఉద్యోగం పోయింది" అని ఉంది. ఉద్యోగం మారాడు అని రాయమన్నాను. "మారితే సోఫా ఎందుకు అమ్ముతాం?" అంది. నా దగ్గర జవాబు లేదు. మా ఆవిడ వంటింట్లోంచే, "అక్కడ చదివేవాళ్లు నీ మేనమామలా? రాయనీ" అని తీర్పు చెప్పింది.

మొన్నటి సెమిస్టర్ గ్రేడ్లు ఎక్కించాం. ఒక్క బి తప్ప అన్నీ ఏ. రాత్రి తొమ్మిదికి సబ్మిట్ నొక్కింది. ఇలాంటి ప్రశ్నకి జవాబు రాయడమంటే కష్టాన్ని తూకానికి పెట్టడమే అన్న నా గుబులు పూర్తిగా పోలేదు. అటువైపు చదివేవాళ్లు ఇలాంటివి రోజూ ఎన్ని చదువుతారో. అయినా దాని లెక్క అది రాసుకుంది, అందులో ఒక్క డాలరు కూడా ఎక్కువ వేయలేదు.

28 మార్చి, శుక్రవారం

ఆ క్యాంపస్ వెయిట్‌లిస్ట్‌లో పెట్టింది. డేవిస్, రివర్‌సైడ్ సీటిచ్చాయి. ప్రశ్నావళి పనిచేసి వెయిట్‌లిస్ట్ దాకా తెచ్చిందో, లేకపోయినా ఇంతేనో ఎవరూ చెప్పరు. వెయిట్‌లిస్ట్‌లో ఉంటానని ఏప్రిల్ 15లోపు చెప్పాలి. పేరు ఇచ్చింది కానీ మనసు డేవిస్ మీదే ఉంది. మే 1లోపు ఎక్కడో ఒకచోట ఖాయం చేసుకోవాలి.

సాయంత్రం తాతకు తనే వీడియో కాల్ చేసింది. సీటు సంగతి చెప్పింది, ఆ ఊపులో ప్రశ్నావళి సంగతీ చెప్పింది. నేను పక్క గదిలో ఉండి వింటున్నాను. నాన్న ఉద్యోగం పోయినప్పుడు సామాను అమ్మేశాం తాతా, సోఫా 180 డాలర్లకి. అటునుంచి కాసేపు ఏమీ వినపడలేదు. తర్వాత నాయన గొంతు: "మన డబ్బుల్లో ఎంత?"

"పదిహేను వేలు."

"అంత చవగ్గానా! నాకు చెప్తే బేరం నేర్పేవాణ్ని గదా. సరే, మరి ఈ కాలేజీకి ఏడాదికెంత?"

ఫీజులే 15 వేల డాలర్ల పైమాట, హాస్టల్, తిండి వేరే. హెచ్-4 వాళ్లకి ఫెడరల్ సాయం రాదు. అమ్మాయి ఈ లెక్క చెప్పలేదు. "అది నాన్నని అడుగు" అని లోపలికొచ్చి ఫోన్ నా చేతిలో పెట్టి పోయింది. నిరుటి జనవరి నుంచి మొదలుపెట్టి చెప్పాను.