రెండోసారి నొక్కిన వేలిది తప్పు కాదు

చందానగర్, హైదరాబాద్
ఆదివారం రాత్రి

ఒరేయ్ మామా,

మొన్న నువ్వు ఫోన్లో చెప్పిన సంగతి ఇంకా నా బుర్రలో తిరుగుతూనే ఉంది. కాలేజీ ఫీజుల పేజీలో ఒక్కో పిల్లాడి పేరు మీద రెండేసి ఎంట్రీలు పడుతున్నాయన్నావు. లెక్కలు చూసే సారు రోజూ నీ దగ్గరికొచ్చి రిజిస్టరు తెరుస్తున్నాడన్నావు. "జనానికి ఓపిక లేదురా, బటన్ కనపడితే చాలు టకటకా నొక్కేస్తున్నారు" అని విసుక్కున్నావు. చివరికి బటన్ కింద ఎర్ర అక్షరాలతో "ఒక్కసారి మాత్రమే నొక్కండి" అని పెట్టానన్నావు. అంతలో మీ దగ్గర కరెంటు పోయింది, మాట తెగిపోయింది. ఫోన్లో చెప్తే సగం నువ్వు మర్చిపోతావు, సగం నేను మర్చిపోతా. అందుకే తీరిగ్గా రాస్తున్నా.

ముందు ఆ ఎర్ర అక్షరాలు తీసేయ్ మామా. రెండోసారి నొక్కినవాళ్లది తప్పు కాదు. మొదటిసారి నొక్కినప్పుడు మన పేజీ ఏమీ పలకలేదు, తప్పు అక్కడుంది.

జాకబ్ నీల్సన్ 1993లో రాసిన పుస్తకంలోని మూడు అంకెలను మన పనిలో అందరూ గుర్తుపెట్టుకుంటారు. నొక్కాక సెకనులో పదోవంతులోపు ఏదైనా కదిలితే, అది తన వేలి పనే అని మనిషికి అనిపిస్తుంది. ఒక సెకను దాకా ఆలోచన తెగదు. పది సెకన్లు దాటితే మనసు వేరే దానిమీదికి పోతుంది. ఇప్పుడు నీ పేజీ సంగతి చూడు. ఊళ్లో సిగ్నల్ ఒక గీతే ఉంటుంది. ఆ తండ్రి "ఫీజు చెల్లించు" నొక్కాడు. నాలుగు సెకన్ల పాటు బటన్ రంగు మారలేదు, అక్షరం మారలేదు. అసలు నొక్కడం అందిందో లేదో ఆయనకు చెప్పేవాళ్లు లేరు. ఇంకోసారి నొక్కడం తప్ప ఆయన ఏం చేయగలడు?

ఇది చదువుకోని వాళ్ల అలవాటు అనుకోకు. సంక్రాంతి ముందు మన హాస్టల్లో పొద్దున పదింటికి ఏసీ తత్కాల్, పదకొండింటికి స్లీపర్ తత్కాల్ తెరుచుకునే వేళ గుర్తు తెచ్చుకో. రోజంతా హైటెక్ సిటీలో కూర్చుని ఇలాంటి బటన్లే రాసే మనవాళ్లు, చక్రం తిరుగుతుంటే ఆగగలిగారా? విజయవాడ వెళ్లాల్సినవాడూ, విశాఖ వెళ్లాల్సినవాడూ మౌస్‌ని ఒకేలా బాదేవాళ్లు. డబ్బు మీదో ప్రయాణం మీదో ఆశ ఉన్నప్పుడు, అవతలి నుంచి ఉలుకూ పలుకూ లేకపోతే ఎవరి వేలైనా అలాగే చేస్తుంది.

ఇంకో సంగతి కూడా ఆలోచించు. 2001లో హైదరాబాద్‌లో ఈసేవ కేంద్రాలు మొదలైనప్పుడు కరెంటు బిల్లు, నీళ్ల బిల్లు ఒకే కౌంటర్లో కట్టడం మన ఇళ్లల్లో పెద్ద విశేషం. అప్పుడు మౌస్ ఉన్నది కౌంటర్ లోపలి ఉద్యోగి చేతిలో. స్క్రీన్ ఆగితే తనూ ఆగాలనీ, రసీదు ప్రింటయ్యేదాకా మళ్లీ ముట్టుకోకూడదనీ ఆయనకు తెలుసు. బయట నిలబడ్డ మనిషికి చేతిలో కాగితం పడేది, అంతటితో నిశ్చింత. 2011లో మీసేవ వచ్చింది, 2016లో యూపీఐ వచ్చింది. ఆ ఉద్యోగి నొక్కే బటన్ ఇప్పుడు హుజూరాబాద్ రైతు ఫోన్లోకి, జమ్మికుంటలో బట్టలు కుట్టే తల్లి ఫోన్లోకి వచ్చేసింది. ఆ ఉద్యోగి పని నేర్చుకుని కూర్చున్నాడు. వీళ్లెందుకు నేర్చుకోవాలి? ఆయనకున్న జాగ్రత్తంతా ఇప్పుడు మన కోడ్‌కి ఉండాలి.

ఒక్కసారి నొక్కినా రెండు క్లిక్‌లు పడతాయి, అది నేను కళ్లారా చూశా. మన స్టేషన్‌కి వెళ్లే సందులో ఆన్‌లైన్ సెంటర్ ఒకటి ఉంది. ప్రింట్ కోసం వెళ్తే, ఒకావిడ కూతురి పరీక్ష ఫీజు కట్టడానికి కూర్చుంది. సెంటర్ కుర్రాడి మౌస్ ఎడమ బటన్ అరిగి నున్నగా మెరుస్తోంది. అతను ఒక్కసారే నొక్కాడు, "టిక్" మని ఒక్క చప్పుడే వినపడింది. స్క్రీన్ మీద రెండు ట్యాబ్‌లు తెరుచుకున్నాయి. అతనికది మామూలే, ఒకటి మూసేసి పనిలో పడ్డాడు. మౌస్ లోపల స్విచ్‌లో చిన్న లోహపు రేకు ఉంటుంది. అది తగిలినప్పుడు ఒక్కసారిగా కుదురుకోదు, రెండు మూడుసార్లు అదిరి ఆగుతుంది. ఆ కొన్ని మిల్లీసెకన్ల అదురుని మౌస్‌లోని చిప్ వదిలేస్తుంది. రేకు అరిగితే అదురు ఇంకాస్త ఎక్కువసేపు సాగుతుంది, అప్పుడు ఒక నొక్కు రెండుగా లెక్కకొస్తుంది. అలాంటి మౌస్ ముందు నీ ఎర్ర అక్షరాలు ఏం చేస్తాయి చెప్పు? చేతులు వణికే పెద్దవాళ్లున్నారు. డెస్క్‌టాప్ మీద ఐకాన్‌ని రెండుసార్లు నొక్కాలని నేర్చుకుని, లింకునీ బటన్‌నీ అలాగే నొక్కే మా అపార్ట్‌మెంట్ రిటైర్డ్ అంకుల్స్ ఉన్నారు. వీళ్లందరూ నీ పేజీకి వచ్చేవాళ్లే.

ఇక పని మాట్లాడుకుందాం. నువ్వు బటన్ క్లిక్ అవగానే దాన్ని డిజేబుల్ చేద్దామనుకుంటున్నానన్నావు. దానివల్ల కొత్త చిక్కులొస్తాయి. క్లిక్‌లోనే డిజేబుల్ చేస్తే కొన్ని బ్రౌజర్లలో ఫారం అసలు కదలదు. ఫోన్ నంబర్ ఖాళీగా ఉందని బ్రౌజర్ ఆపేసినా నీ బటన్ మాత్రం బిగుసుకుపోతుంది. అందుకని క్లిక్‌ని వదిలేసి ఫారం సబ్మిట్ ఈవెంట్‌ని పట్టుకో. వివరాలన్నీ సరిగ్గా ఉంటేనే అది వస్తుంది. అది రాగానే "పంపుతున్నాం" అనే గుర్తు ఒకటి పెట్టుకో. ఆ గుర్తు ఉండగా మళ్లీ సబ్మిట్ వస్తే ఆపేయ్. బటన్ మీది మాటని అప్పటికప్పుడే "చెల్లిస్తున్నాం, ఆగండి" అని మార్చు. అదే మాట స్క్రీన్ రీడర్‌కీ వినపడేలా లైవ్ రీజియన్‌లో పెట్టు. పూర్తిగా డిజేబుల్ చేస్తే కీబోర్డుతో పనిచేసే వాళ్ల ఫోకస్ ఎటో పోతుంది. అందుకే ఏరియా-డిజేబుల్డ్ పెట్టి, ఆపే పని ఆ గుర్తుకే వదిలేయ్.

తాళం వేసినప్పుడే తీసే దారి కూడా చూసుకో. నెట్ తెగిపోతే, సర్వర్ తప్పు చెప్తే, బటన్ మళ్లీ పనిచేయాలి. ఏం జరిగిందో ఒక్క వాక్యంలో తెలుగులో చెప్పాలి. బ్యాక్ నొక్కి తిరిగొచ్చినప్పుడు కొన్నిసార్లు బ్రౌజర్ పాత పేజీని ఉన్నదున్నట్టే తెచ్చి పెడుతుంది, బిగుసుకున్న బటన్‌తో సహా. పేజ్‌షో ఈవెంట్‌లో అది గమనించి గుర్తు చెరిపేయ్.

డీబౌన్స్ పెట్టొచ్చా అని కూడా అడిగావు కదా. వెతికే పెట్టెలో అక్షరాలు టైప్ చేస్తున్నప్పుడు అది బంగారం లాంటి పద్ధతి, చేయి ఆగేదాకా ఆగి ఒక్కసారే అడుగుతుంది. డబ్బు బటన్‌కి మాత్రం వద్దు. అర సెకను గడువు పెడితే, ముప్పావు సెకను తర్వాత నొక్కినవాడు దర్జాగా లోపలికొస్తాడు. ఇక్కడ కాలాన్ని కొలిచి లాభం లేదు. జవాబు వచ్చేదాకా ఆగడమే లెక్క.

ఇంతా చేసినా ఇది మర్యాద మాత్రమే మామా, కాపలా కాదు. మనిషి పేజీని రీఫ్రెష్ చేయొచ్చు. ఇద్దరు తల్లిదండ్రులు రెండు ఫోన్లలో ఒకేసారి తెరవొచ్చు. మధ్యలో నెట్‌వర్కే అదే అభ్యర్థనని మళ్లీ పంపొచ్చు. అసలు కాపలా సర్వర్ దగ్గర, ఇంకా లోపలికెళ్తే డేటాబేస్ దగ్గర ఉండాలి.

నీ కోడ్ నాకు పంపావు కదా, అందులో ముందు "ఈ పిల్లాడి ఎంట్రీ ఉందా" అని వెతికి, లేకపోతే రాస్తున్నావు. చూడ్డానికి సరిగ్గానే ఉంది. రెండు అభ్యర్థనలు సెకనులో పదోవంతు తేడాతో వచ్చాయనుకో. మొదటిది వెతికింది, లేదు. అది రాసేలోపే రెండోది వెతికింది, దానికీ లేదు. రెండూ రాశాయి. సారు రిజిస్టరులోకి రెండు గీతలెక్కాయి. వెతకడం, రాయడం అని రెండు మెట్లున్నంతకాలం మధ్యలో ఆ సందు ఉంటుంది. దాన్ని గట్టిగా మూసేది, ఒకే విలువని రెండోసారి రాయనివ్వని యూనిక్ ఇండెక్స్.

దేని మీద యూనిక్ పెట్టాలన్నదే అసలు ప్రశ్న. ఫోన్ నంబరు, మొత్తం, నిమిషం కలిపి పెట్టాలనుకుంటున్నానన్నావు. అలా చేయకు. కవల పిల్లల తండ్రి ఒకే ఫోన్ నుంచి ఒకే మొత్తాన్ని వెంటవెంటనే రెండుసార్లు కడతాడు. రెండూ నిజమైన చెల్లింపులే, నీ కోడ్ రెండోదాన్ని తోసేస్తుంది. రెండు క్లిక్‌లు ఒకేలా ఉన్నాయా అని చూడొద్దు, రెండింటి వెనకా ఉన్న పని ఒకటేనా అని చూడు. నీ దగ్గర ఆ పనికి పేరు ముందే ఉంది: ఏ విద్యార్థి, ఏ విడత. దాన్ని ఒక బాకీగా ఒక వరసలో రాయి. ఆ బాకీ తీర్చడానికి చేసే ప్రయత్నాలు వేరే పట్టికలో ఉండనీ. ఒక్కో బాకీకి నడుస్తున్నదో, నెగ్గిందో ఒక్క ప్రయత్నమే ఉండాలని పోస్ట్‌గ్రెస్‌లో పాక్షిక యూనిక్ ఇండెక్స్ పెట్టొచ్చు. విఫలమైన ప్రయత్నాలు ఎన్నున్నా అడ్డం రావు. నడుస్తున్న ప్రయత్నం చాలాసేపు తేలకపోతే, పేమెంట్ గేట్‌వేని అడిగి తెలుసుకున్నాకే దాన్ని విఫలమని రాయి, ఊహించి రాయొద్దు.

దీనితోపాటు పేజీ తెరిచినప్పుడే ఒక కీ పుట్టించి ఫారంలో దాచి పంపు. అదే కీతో రెండోసారి అభ్యర్థన వస్తే పని మళ్లీ చేయకుండా, మొదటిసారి ఇచ్చిన జవాబునే మళ్లీ ఇవ్వు. ఇది చాలా ముఖ్యం. రెండోసారి నొక్కిన తల్లికి "ఎర్రర్, డూప్లికేట్" అని చూపిస్తే, డబ్బు పోయిందేమోనని ఆమె గుండె గుభేలుమంటుంది. ఆమెకు కావాల్సింది రసీదు, అదే చూపించు. చెల్లింపు అయ్యాక 303 అనే హెచ్‌టీటీపీ కోడ్‌తో రసీదు పేజీకి మళ్లించు. 2004లో మైకేల్ జురావ్‌లెవ్ రాసిన వ్యాసంతో పేరొచ్చిన పద్ధతి ఇది. రీఫ్రెష్ చేసినా రసీదే మళ్లీ వస్తుంది, చెల్లింపు మళ్లీ జరగదు.

రెండుసార్లు కట్టినా బ్యాంకే వెనక్కి వేస్తుందిలే అన్నావు చూడు, ఆ మాట దగ్గర నాకు భయమేసింది. ఆర్‌బీఐ 2019 సెప్టెంబరులో ఇచ్చిన ఆదేశం విఫలమైన లావాదేవీల గురించి. యూపీఐలో డబ్బు కట్ అయి దుకాణానికి ధ్రువీకరణ అందకపోతే, ఆ రోజు కాక అయిదు రోజుల్లోపు వెనక్కి వేయాలి, దాటితే రోజుకు 100 రూపాయలు ఇవ్వాలి. రెండు చెల్లింపులూ నెగ్గితే బ్యాంకు లెక్కలో ఏ తప్పూ లేదు. తిరిగివ్వాల్సింది కాలేజీ. ఆ తండ్రి పని మానుకుని బస్సెక్కి వచ్చి, మెసేజ్ చూపించి, ఆఫీసు గది ముందు నిలబడాలి. ఇలాంటి చెల్లింపుకి యూపీఐ మామూలుగా పిన్ అడుగుతుంది కాబట్టి టకటకా నొక్కినంత మాత్రాన రెండుసార్లు డబ్బు పోదు, నిజమే. కానీ రసీదు రాలేదన్న కంగారులో ఆయనే వెనక్కెళ్లి మళ్లీ పిన్ కొడతాడు. అప్పు చేసి తెచ్చిన ఫీజు రెండుసార్లు పోతే ఆ ఇంట్లో ఆ నెల ఎలా గడుస్తుందో నీకు నేను చెప్పాలా? మన ఇళ్లూ అలాంటివే కదరా.

ఒక్క హెచ్చరిక. అన్ని బటన్లకీ ఈ తాళం వేయకు. నోటు పుస్తకాలు ఎన్ని కావాలో ఎంచుకునే దగ్గర ప్లస్ గుర్తుని అయిదుసార్లు నొక్కితే అయిదు రావాలి. అక్కడ ప్రతి నొక్కుకీ సర్వర్ దాకా పరిగెత్తకుండా, చివరికి తేలిన అంకెని మాత్రమే పంపు. హాస్టల్ కావాలా వద్దా అనే మీటకైతే "మార్చు" అని పంపొద్దు, "కావాలి" అని పంపు. "మార్చు" రెండుసార్లు చేరితే మొదటికొస్తుంది. "కావాలి" పదిసార్లు చేరినా కావాలనే ఉంటుంది.

నా సంగతులేం పెద్దగా లేవు. పొద్దున చందానగర్‌లో ఎంఎంటీఎస్ ఎక్కితే హఫీజ్‌పేట తర్వాత హైటెక్ సిటీ, అదే నిలబడి ప్రయాణం. గంగారం దగ్గర ట్రాఫిక్ నువ్వున్నప్పటి లాగే ఉంది. అమ్మకి నా నమస్కారాలు చెప్పు.

రెండో విడత ఫీజుల గడువు లోపు ఈ మార్పులు పెట్టేయాలి. పెట్టాక బ్రౌజర్ డెవలపర్ టూల్స్‌లో నెట్ వేగం బాగా తగ్గించి, నీ బటన్‌ని నువ్వే ఇష్టమొచ్చినట్టు బాది చూడు. తర్వాత పేజీని పక్కనపెట్టి, ఒకే కీతో ఇరవై అభ్యర్థనలు ఒకేసారి సర్వర్‌కి పంపే చిన్న స్క్రిప్టు రాయి. పట్టికలో ఒక్క వరసే ఉండాలి, ఇరవైకీ ఒకే రసీదు నంబరు రావాలి. వేరే వేరే కీలతో ఒకే బాకీకి కూడా అలాగే పంపి చూడు. ఏది తేడా వచ్చినా లాగ్ నాకు పంపు, ఇద్దరం కూర్చుని చూద్దాం. శనివారం రాత్రంతా ఖాళీగానే ఉంటా.

ఇట్లు,
నీ చందానగర్ రూమ్మేట్