సూది మొనంత వెలుగు

‘అమ్మలూ, సూదిని గుచ్చేయకు. మెల్లగా తిప్పు... అంతే!’

వేసవి సెలవులకు రాజమండ్రి వచ్చిన మనవరాలికి తాతయ్య ఉదయం నుంచీ చెబుతున్న మాట అదొక్కటే. ముప్పయ్యేళ్లు ఫొటోస్టూడియో నడిపిన చేతులు ఆయనవి. ఇప్పుడవి వణుకుతున్నాయి. సెల్‌ఫోన్‌తో తీసినా బొమ్మ చెదిరిపోతోంది. అందుకే ఆయనకు పిన్‌హోల్ కెమెరా గుర్తొచ్చింది. లెన్సు ఉండదు. చేత్తో పట్టుకునే పనీ లేదు. లోపల నల్లరంగు వేసిన బిస్కెట్ల డబ్బాని స్టూలు మీద పెట్టి, రంధ్రం మీది టేపు తీస్తే చాలు. కాకపోతే ఆ రంధ్రం చేయడానికే వణకని చేయి కావాలి!

ఇంకో తొందర కూడా ఉంది. పెంకుటిల్లు అమ్మేశారు. వారంలో ఖాళీ చేయాలి. బీరువాలో మిగిలిన పాత ఫొటో కాగితాలు నాలుగే.

కూల్‌డ్రింకు టిన్ను కత్తిరించి చిన్న చదరపు ముక్క తీశారు. దాన్ని అట్ట మీద పెట్టి సూదితో నొక్కితే వెనకవైపు బొడిపె లేస్తుంది. సాండ్‌పేపరుతో దాన్ని రుద్దాలి. మళ్లీ నొక్కాలి, మళ్లీ రుద్దాలి. రేకు పలచబడ్డాక సూది మొన ఇట్టే దిగుతుంది. అప్పుడే రంధ్రం గుండ్రంగా, అంచులు నునుపుగా వస్తాయి.

‘ఎంత చిన్నగా చేస్తే అంత మంచిదా తాతయ్యా?’

‘కాదమ్మా. పెద్దదైతే బొమ్మ అలికినట్టుంటుంది. మరీ చిన్నదైతే వెలుగు అంచుల దగ్గర వంగి చెదిరిపోతుంది. కాగితం పది సెంటీమీటర్ల దూరంలో ఉంటే రంధ్రం దాదాపు 0.4 మిల్లీమీటర్లుండాలి.’ హంపీ విరూపాక్షాలయంలో గోపురం నీడ గోడమీద తలకిందులుగా పడేది కూడా ఇలాంటి కంతలోంచేనని చెప్పాడాయన.

అయిదు రేకులు పాడయ్యాయి. ఆరోదాన్ని జిరాక్సు షాపులో 1200 డీపీఐలో స్కాన్ చేయించి, రంధ్రం అడ్డంగా ఎన్ని చుక్కలుందో లెక్కపెట్టింది మనవరాలు. పంతొమ్మిది! అంగుళానికి 1200 చొప్పున లెక్కేస్తే సరిగ్గా 0.4.

ఏప్రిల్ చివరి ఆదివారం. 2001 నుంచీ ప్రపంచ పిన్‌హోల్ ఫొటోగ్రఫీ దినం జరుపుకొంటున్న రోజు. మొదటి కాగితం అయిదు నిమిషాల ఎండకి నల్లగా మాడింది. రెండోది ఇరవై సెకన్లకే మూసేస్తే పాలిపోయింది. మూడోదానికి నిమిషం ఇచ్చారు. బాత్రూములో ఎర్రబల్బు కింద, డెవలపర్ పళ్లెంలో ఇల్లు మెల్లగా తేలింది.

నాలుగోదానికి అరుగు మీద అమ్మమ్మ కూర్చుంది. నిమిషం కదలకూడదు. నలభయ్యో సెకనులో గేటు దగ్గర పాలబ్బాయి పిలిచాడు. ఆవిడ తల తిప్పేసింది!

మనవరాలికి ఏడుపొచ్చింది. కాగితాన్ని ఫోన్‌తో ఫొటో తీసి, నలుపుతెలుపులు తారుమారు చేసి తాతయ్యకిచ్చింది. పెంకులు, తులసికోట స్పష్టంగా ఉన్నాయి. అమ్మమ్మకి మాత్రం రెండు ముఖాలు... ఒకటి ఇటు, పలచగా ఇంకొకటి గేటు వైపు.

తాతయ్య చాలాసేపు చూశాడు. ‘స్టూడియోలో ఎన్నిసార్లు తీసినా బిగుసుకుపోయేది. మీ అమ్మమ్మ ఎలా ఉంటుందో ఇందులోనే ఉందిరా’ అన్నాడు.

రేకుముక్క పెన్సిల్ బాక్సులో భద్రంగా హైదరాబాదు వెళ్లింది. ఇక కాగితాలు కొనాలి.